రోడ్డు మీద అనుకోనిది జరుగుతుంటే ఫోను పైకెత్తే ధైర్యం ఎలా వస్తుంది?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను, నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. కూరగాయల మార్కెట్ దగ్గర ఆక్రమణలు తొలగించడానికి వచ్చిన సిబ్బంది ఒక పండ్ల బండిని పడదోశారు. బండి నడిపే ఆమె రోడ్డు మీద కూర్చుని ఏడుస్తోంది. చుట్టూ పాతిక ముప్పై మంది నిలబడి చూస్తున్నారు. మీ చేతిలో ఫోను ఉంది, కెమెరా కూడా తెరిచారు, చెయ్యి మాత్రం పైకి లేవలేదు. ఇంటికి వెళ్లాక నిద్ర పట్టలేదు. దానికి తోడు ఇంకో బాధ: ప్రమాదం జరిగిన చోట ఫోన్లు ఎత్తి నిలబడే జనాన్ని చూస్తే మీకు ఒళ్లు మండుతుంది, తీస్తే మీరూ వాళ్లలో ఒకరైపోతారేమోనని సందేహం. తీసినా లాభం ఏమిటన్నారు. చివరగా, మీ వాహనానికి రోడ్డును రికార్డు చేసే కెమెరా, అంటే డాష్‌క్యామ్ పెట్టించుకుంటే ఈ తలనొప్పి తప్పుతుందా అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా వార్తల కెమెరా మోస్తున్నాను. మొదట జిల్లాలో వార్తకు ఇంతని తీసుకునే స్ట్రింగర్‌గా, తర్వాత నగరంలో. లాఠీచార్జీలు, వరదలు, అగ్నిప్రమాదాలు, కలెక్టరేట్ ముట్టడులు చాలానే తీశాను. కొత్తగా చేరిన కుర్రాళ్లలో మీ సమస్య లేనివాళ్లు అరుదు. తమకు ధైర్యం లేదని వాళ్లూ అనుకుంటారు. మీ విషయంలో మాత్రం అది భయమని నేను ఒప్పుకోను. భయపడినవాళ్లు మెల్లగా జారుకుంటారు. మీరు చివరి దాకా నిలబడ్డారు. మిమ్మల్ని ఆపింది మొహమాటం.

అదే చేతితో ఇంట్లో పెళ్లి ఊరేగింపు తీసి ఉంటారు. బ్యాండు వాళ్ల మధ్యకు దూరి, పెద్దవాళ్లను కాస్త జరగమని చెప్పి మరీ తీసి ఉంటారు. అక్కడ మీకో పని ఉంది, అందుకే ఎవరు చూస్తున్నారన్న ఆలోచనే రాదు. మార్కెట్‌లో మీకు పని లేదు. పని లేని మనిషికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. ‘మధ్యలో నాకెందుకు’, ‘వీడియో పిచ్చి పట్టిందని నవ్వుతారేమో’, ‘ఎవరో ఒకరు తీస్తూనే ఉంటారులే’ లాంటివన్నీ అప్పుడే పుట్టుకొస్తాయి. వీటిలో ఒంటికి తగిలే దెబ్బ గురించిన ఆలోచన ఒక్కటీ లేదు, గమనించండి. అన్నీ పక్కవాళ్ల చూపుల గురించే.

ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. 1968లో అమెరికాలో లటానే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ప్రశ్నాపత్రం నింపమన్నారు. కాసేపటికి గోడలోని రంధ్రం గుండా పొగ వదిలారు. గదిలో ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. ముగ్గురేసి కూర్చున్నప్పుడు, అలాంటి బృందాల్లో 38 శాతంలో మాత్రమే ఎవరో ఒకరు లేచారు. పరిశోధకులు ముందే చెప్పిపెట్టిన ఇద్దరు పక్కన పట్టనట్టు కూర్చుంటే, లేచినవాళ్లు 10 శాతమే. మిగిలినవాళ్లు పొగను చేత్తో విసురుకుంటూ, దగ్గుతూ ప్రశ్నాపత్రం నింపారు. పక్కవాడు కదలలేదు కాబట్టి ఇది అంత పెద్ద విషయం కాదేమో అనుకున్నారు. ఆ పక్కవాడు వీళ్లను చూసి అదే అనుకుంటున్నాడు. మీ మార్కెట్‌లో నిలబడిన ముప్పై మంది కూడా ఇలాగే ఒకరినొకరు చూసుకుంటూ ఆగిపోయారు.

ఇందులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. మొదటి ఫోను లేచేదాకానే ఈ బిగువు. గుంపులో ఒక చెయ్యి పైకి లేవగానే ఏం జరుగుతుందో నేను లెన్సులోంచి చాలాసార్లు చూశాను. ముందు ఆ పక్కన నిలబడినవాళ్లు అరడుగు వెనక్కి జరుగుతారు, దారి ఇస్తున్నట్టు. తర్వాత ఎవరో తమ ఫోను కోసం జేబు తడుముకుంటారు. నిమిషం తిరగకుండా ఇంకో నాలుగు చేతులు లేస్తాయి. అప్పటిదాకా గొంతు పెగలని ఒక పెద్దాయన ‘ఏమయ్యా, ఆడమనిషి మీద చేతులేమిటి’ అంటాడు. కెమెరా కనబడగానే చొక్కా సర్దుకుని, గొంతు తగ్గించి, ‘అమ్మా, లేవండి’ అని మర్యాద మొదలుపెట్టిన అధికారులనూ చూశాను. అయితే దీన్ని సూత్రంగా పట్టుకోకండి. కెమెరా చూసి రెచ్చిపోయేవాళ్లు కూడా ఉంటారు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ధైర్యం అంటే భయం లేకపోవడమనే అపోహ మీలో ఉన్నట్టుంది. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి మెడ మీద పోలీసు అధికారి మోకాలు పెట్టి నొక్కుతుంటే దాదాపు పది నిమిషాలు ఫోనులో తీసిన అమ్మాయి డార్నెల్లా ఫ్రేజర్‌కు అప్పటికి 17 ఏళ్లు. చిన్న చెల్లెలి వరస అమ్మాయిని వెంటబెట్టుకుని తినుబండారాలు కొనడానికి దుకాణానికి వచ్చింది, అంతే. పోలీసులు మొదట ఇచ్చిన ప్రకటనలో, అదుపులోకి తీసుకున్న వ్యక్తి అనారోగ్యం వల్ల చనిపోయినట్టు రాశారు. మోకాలి ప్రస్తావనే లేదు. ఆమె వీడియో బయటకు రాకపోతే ఆ ప్రకటనే చరిత్రలో నిలిచిపోయేది. 2021 ఏప్రిల్‌లో ఆ అధికారిని కోర్టు దోషిగా తేల్చింది, ఆ జూన్‌లో పత్రికా రంగంలో పేరుమోసిన పులిట్జర్ అవార్డులిచ్చే బోర్డు ఆమెకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. కానీ కోర్టులో ఆమె ఇచ్చిన సాక్ష్యం చదివితే తెలుస్తుంది, అక్కడ నిలబడినంతసేపూ ఆమెకు భయంగానే ఉంది. ఇంకా ఏదైనా చేసి ఉండాల్సిందని రాత్రుళ్లు కుమిలిపోయానని కూడా చెప్పింది. ప్రపంచమంతా మెచ్చుకున్న మనిషికే ఆ బాధ తప్పలేదు కాబట్టి, మీకు నిద్ర పట్టకపోవడాన్ని పిరికితనంగా లెక్కవేసుకోకండి.

అయితే ఆ మొహమాటాన్ని వదిలించుకునేదెలా? ధైర్యం తెచ్చుకోమని నేను చెప్పను, ఆ మాట ఎవరికీ ఎప్పుడూ పనిచేయగా చూడలేదు. మీకు మీరే ఒక పని పెట్టుకోండి. ‘ఇక్కడ జరిగేది తీయాలి’ అనేది పని కాదు, అది కంగారు. ‘వాహనం నంబరు, సిబ్బంది ఛాతీ మీది పేరు, దుకాణం బోర్డు, గడియారం ఉంటే గడియారం’ అనుకుంటే అది పని. ఒక్కొక్కటీ వెతకడంలో కళ్లు పడగానే, మిమ్మల్ని ఎవరు చూస్తున్నారో చూసే తీరిక మీకుండదు.

ఒక ఉదాహరణ చెబుతాను. జాతీయ రహదారి మీద పామాయిల్ డబ్బాల లారీ బోల్తా పడింది. మేము వెళ్లేసరికి చుట్టుపక్కల ఊళ్ల జనం బిందెలు, బకెట్లు పట్టుకుని వచ్చేశారు. అలాంటప్పుడు ఎవరి కెమెరా అయినా ముందు జనం మీదికే పోతుంది, నవ్వుకోవడానికి బాగుంటుంది కదా. ఒకావిడ బకెట్ వెనకాల ముఖం దాచుకుని, ‘మా మొగాలు తియ్యకు నాయనా, రేపు ఊళ్లో తలెత్తుకోలేం’ అంది. సరేనమ్మా అని కెమెరా కిందికి దించి లారీ చుట్టూ తిరిగాను. ముందు చక్రం టైరు పేలిపోయి ఉంది. దగ్గరగా తీస్తే దాని మీద గాడి అన్నదే లేదు, నున్నగా అరిగి, ఒక పక్క లోపలి తీగ బయటికి వచ్చింది. నూనె జారుడులో కాళ్లు నిలవక ఆ ఒక్క షాటు మోకాళ్ల మీద కూర్చుని తీయాల్సి వచ్చింది. డ్రైవర్ నిద్రపోయాడని అప్పటికే అందరూ తేల్చేశారు. ఆసుపత్రి మంచం మీదున్న అతని తరఫున మాట్లాడింది ఆ టైరే. బకెట్ల విజువల్స్ వేరే ఛానెళ్లలో ఆ రోజంతా తిరిగాయి, వాటి వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

మీకు ఒళ్లు మండించే జనానికీ మీకూ తేడా ఇక్కడే. ప్రమాదం జరిగితే వాళ్లు నెత్తురు తీస్తారు, ఆర్తనాదం తీస్తారు, చచ్చిపోతున్న మనిషి ముఖం తీస్తారు. మీరు సిగ్నల్ ఏ రంగులో ఉందో తీయండి, బ్రేకు వేసిన చారలు ఎక్కడ మొదలయ్యాయో తీయండి, గుంత ఎంత లోతుందో తీయండి, పారిపోతున్న బండి నంబరు తీయండి. గాయపడినవారి ముఖం కెమెరాలో పడకుండా ఉంటే మీ వీడియో విలువ ఇసుమంత కూడా తగ్గదు. 1963 నవంబరు 22న డల్లాస్‌లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్యను 26 సెకన్ల ఫిల్ములో పట్టిన అబ్రహాం జప్రూడర్ ఆడవాళ్ల దుస్తుల వ్యాపారి. కెమెరా ఇంట్లో వదిలేసి ఆఫీసుకు వస్తే, సిబ్బంది పోరి వెనక్కి పంపి తెప్పించారు. ఆ ఫిల్మును పత్రికకు అమ్మినప్పుడు ఆయన ఒక మాట గట్టిగా కోరాడు: తలకు తూటా తగిలిన ఆ ఒక్క ఫ్రేము అచ్చు వేయవద్దని. తీసేటప్పుడు ఆయన కెమెరా దించలేదు, చూపించేటప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. నా దృష్టిలో రెండోది మొదటిదానికంటే చిన్న పని కాదు.

తీయాలా, సాయం చేయాలా అన్నది ఇంకో పెద్ద చిక్కుగా చెబుతారు. నాకది చిక్కుగా ఎప్పుడూ అనిపించలేదు. ముందు 108కి ఫోను. సాయం చేసే చేతులు చాలినన్ని ఉంటే మీరు తీయవచ్చు. చాలకపోతే ఫోను జేబులో పెట్టి మనిషిని పట్టుకోండి. రోడ్డు ప్రమాదంలో సాయపడితే కేసుల్లో ఇరుక్కుంటామన్న పాత భయం ఇప్పుడు అక్కరలేదు. 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఏ సెక్షను సాయం చేసినవారికి రక్షణ ఇస్తున్నాయి. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కరలేదు. ఆ రక్షణ సాయపడేవారికి, కేవలం వీడియో తీసేవారికి కాదని కూడా గుర్తుంచుకోండి.

ఇక సాధన. సంఘటన జరిగే రోజున నేర్చుకోవడం కుదరదు, మామూలు రోజుల్లో నేర్చుకోవాలి. రద్దీగా ఉండే బస్టాండుకు సాయంత్రం పూట వెళ్లండి. బస్సు వెనక్కి వస్తుంటే కుర్రాడెవరో దాని వీపు మీద చరుస్తూ ‘రైట్, రైట్’ అని అరవడం, కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసరడం, పల్లీల అబ్బాయి కదిలే బస్సులోంచి దూకడం, ఇవన్నీ తీయండి. రైతుబజారు, వినాయక నిమజ్జనం, బతుకమ్మ, సంక్రాంతి సంత ఇంకా మంచివి, అక్కడ కెమెరాను ఎవరూ వింతగా చూడరు. ఒక్కటే నియమం: చాటుగా తీయవద్దు. చెంబు కింద దాచినట్టు ఫోనును నడుము దగ్గర దాచి తీసేవాడిని చూస్తే జనానికి అనుమానం వస్తుంది, అది న్యాయమైన అనుమానం. ఛాతీ ఎత్తులో, రెండు చేతులతో, మోచేతులు డొక్కలకు ఆనించి, కనబడేలా పట్టుకోండి. బహిరంగంగా తీసేవాడికి ఏదో పని ఉందని లోకం నమ్ముతుంది, మీరు కూడా నమ్మడం మొదలుపెడతారు.

చేతికి అలవాటు కావలసినవి కొన్నే. ఫోను తాళం తీయకుండానే కెమెరా తెరుచుకునే మార్గం ప్రతి ఫోనులోనూ ఉంటుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే చాలు. చూడకుండా, జేబులోంచి తీస్తూనే అది నొక్కగలగాలి. ఫోను అడ్డంగా పట్టుకోండి. ముందు దూరం నుంచి మొత్తం చోటు కనబడేలా పది సెకన్లు కదలకుండా ఉంచండి. అనుభవం లేనివాళ్లు ఫోనును గొట్టంతో నీళ్లు చల్లినట్టు అటూ ఇటూ తిప్పుతారు, ఇంటికి వెళ్లి చూస్తే ఒక్క ముఖం, ఒక్క నంబరు ఆనదు. జూమ్ వాడకండి, వీలైతే రెండడుగులు నడవండి. అన్నింటికంటే కష్టమైనది నోరు మూసుకోవడం. మీ వ్యాఖ్యానం, మీ ‘అయ్యయ్యో’లు అక్కడి అసలు మాటలను మింగేస్తాయి. ఎవరు ఎవరిని ఏమని తిట్టారో, ఎవరు ముందు చెయ్యి చేసుకోమన్నారో శబ్దంలోనే ఉంటుంది. చివరలో ఒక్కసారి తేదీ, సమయం, చోటు పలికి ఆపేయండి.

‘ఎందుకు తీస్తున్నావు?’ అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. మొహమాటస్తులందరూ కూలబడేది ఇక్కడే. జవాబు అక్కడికక్కడ వెతుక్కుంటే నత్తి వస్తుంది, నత్తి వింటే అవతలివాడికి ఊపు వస్తుంది. అందుకని జవాబు ముందే నోటికి వచ్చి ఉండాలి. నేను కుర్రాళ్లకు నేర్పేది ఇది: ‘ఇక్కడ జరుగుతున్నది తీస్తున్నానండీ. మీకు అడ్డం వస్తే చెప్పండి, జరుగుతాను.’ అంతే. హక్కులు, సెక్షన్లు, రాజ్యాంగం మాట ఆ క్షణంలో ఎత్తవద్దు, అవి అగ్గికి ఆజ్యం. ‘అన్నా’, ‘పెద్దాయనా’, ‘అమ్మా’ అనే పిలుపు చేసే పని చట్టం చేయదు. గొంతు అవతలివారికంటే ఒక మెట్టు కింద ఉండాలి. ‘నా ముఖం తీయవద్దు’ అని ఒక మామూలు మనిషి, ముఖ్యంగా బాధితులు అడిగితే వెంటనే కెమెరా పక్కకు తిప్పండి, ‘సరేనమ్మా’ అనండి. అధికారంలో ఉండి ఆ పని చేస్తున్నవారు అదే మాట అంటే, ఒక అడుగు వెనక్కి వేయండి గానీ రికార్డింగ్ ఆపవద్దు. చెయ్యి వేసి లాక్కోబోతే మాత్రం పెనుగులాడకండి. ఫోనుకంటే మీ చెయ్యి ఖరీదు.

పోలీసుల విషయంలో చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. నేను లాయరును కాను, వృత్తిలో తెలుసుకున్నంతే. బహిరంగ ప్రదేశంలో విధి నిర్వహణలో ఉన్న పోలీసులను వీడియో తీయడమే నేరమనే చట్టం మన దేశంలో లేదు. పోలీస్ స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశం కాదని 2022లో బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం తేల్చింది. కానీ విధులకు అడ్డు తగిలారంటే భారతీయ న్యాయ సంహిత 221 సెక్షను, చెయ్యి చేసుకున్నారంటే 132 వర్తిస్తాయి. మీరు దూరంగా నిలబడాలని నేను ఒత్తి చెప్పడానికి కారణం అదే. దూరమే మీ సాక్ష్యం: ‘నేను అడ్డం రాలేదు’ అని మీ వీడియోనే చెప్పాలి. ఫోను స్వాధీనం చేసుకుంటామంటే పంచనామా రాసి ప్రతి ఇమ్మని మర్యాదగా అడగండి. ఏం చేసినా దాటకూడని గీతలు కూడా ఉన్నాయి. లైంగిక దాడి బాధితులను, నేరాల్లో చిక్కుకున్న పిల్లలను గుర్తుపట్టేలా చూపడం నేరం. ఆడవారి ఏకాంతాన్ని తీయడం నేరం. సైనిక స్థావరాలు, రైలు పట్టాలు మీ చోటు కావు. మాల్, ఆసుపత్రి, అపార్ట్‌మెంట్ లోపల యజమానుల నియమాలుంటాయి.

ఇందాక మీకు భయం లేదన్నాను, ఇప్పుడు కాస్త భయపడమంటాను. తెరలోంచి చూసే మనిషికి ప్రమాదం చిన్నదిగా, దూరంగా కనబడుతుంది. 2018 అక్టోబరు 19న అమృత్‌సర్‌లో దసరా రాత్రి రావణ దహనం చూస్తూ, ఫోన్లలో తీస్తూ పట్టాల మీద నిలబడినవారి పైనుంచి రైలు దూసుకుపోయింది, దాదాపు 60 మంది పోయారు. 2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బీరూట్ రేవులో ముందు మంట, పొగ మాత్రమే లేచాయి. నగరమంతా కిటికీల దగ్గర నిలబడి ఫోన్లలో తీస్తుండగా గోదాములోని అమ్మోనియం నైట్రేట్ పేలింది. అందుకని అద్దం వెనక నిలబడి ఏ మంటనూ తీయవద్దు. రసాయనాల వాసన వస్తే అసలు తీయవద్దు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్మినప్పుడు రోడ్ల మీద నడుస్తున్న మనుషులు నడుస్తున్నచోటే కూలిపోయారు, అలాంటిచోట గాలికి అడ్డంగా పరుగెత్తడం తప్ప వేరే పని లేదు. వాగు పొంగితే కల్వర్టు మీదికి, గట్టు అంచుకు వెళ్లవద్దు. పైకి గట్టిగా కనబడే మట్టి కింద అప్పటికే కోసుకుపోయి ఉంటుంది.

వీలైతే పక్కన ఒక మనిషిని పెట్టుకోండి. జప్రూడర్‌కు ఎత్తులో నిలబడితే కళ్లు తిరిగేవి. సిమెంటు దిమ్మ ఎక్కి తీస్తుంటే ఆయన ఆఫీసులో పనిచేసే మార్లిన్ సిట్జ్‌మన్ వెనక నుంచి పట్టుకుని నిలబడింది. మా వృత్తిలో అసిస్టెంటు చేసే అసలు పని ఇదే. ట్రైపాడ్ మోయడం పైకి కనబడే పని, కెమెరామన్ నడుము బెల్టు పట్టుకుని వెనక్కి లాగడం అసలు పని. మీ స్నేహితులెవరైనా ఉంటే ‘నేను తీస్తాను, నువ్వు చుట్టూ చూడు’ అని ఒక్క మాట చెప్పండి. మొహమాటం కూడా సగానికి సగం తగ్గుతుంది, ఇద్దరున్నప్పుడు.

తీసినా లాభం ఏమిటన్న మీ సందేహానికి తేలిక జవాబు లేదు. 1991 మార్చి 3న లాస్ ఏంజెలిస్‌లో నల్లజాతి వ్యక్తి రోడ్నీ కింగ్‌ను పోలీసులు చితకబాదుతుంటే జార్జ్ హాలిడే తన అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి కొత్త హ్యాండీక్యామ్‌తో తీశాడు. పోలీసులు పట్టించుకోకపోతే టేపును టీవీ స్టేషనుకు ఇచ్చాడు. లోకమంతా చూసింది. అయినా 1992 ఏప్రిల్‌లో జ్యూరీ ఆ పోలీసుల్లో ఒక్కరినీ దోషిగా తేల్చలేదు. డిఫెన్సు లాయర్లు అదే వీడియోను ఫ్రేము ఫ్రేముగా ఆపి, ప్రతి దెబ్బకూ ఒక కారణం చెప్పారు. ఆ తీర్పు మీద కోపంతో అల్లర్లు చెలరేగి నగరం తగలబడింది. మరుసటి ఏడాది ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టులో ఇద్దరికి శిక్ష పడింది. కాబట్టి వీడియో తీర్పు ఇస్తుందని నేను మీకు మాట ఇవ్వలేను. ‘అసలు జరగనే లేదు’ అనే దారిని మాత్రం అది మూసేస్తుంది. మీ మార్కెట్ ఆమె రేపు ఫిర్యాదు చేస్తే, ‘బండి తనంతట తానే ఒరిగింది’ అనేవాళ్ల నోరు మూయడానికి అది చాలు. అంతకంటే ఎక్కువ ఆశించి తీస్తే నిరాశ పడతారు.

తీసిన తర్వాత చేసే తప్పులే ఎక్కువ చేటు చేస్తాయి. ముందూ వెనకా కత్తిరించకండి, పాట తగిలించకండి, బాణం గుర్తులు పెట్టకండి. 2018లో పిల్లల దొంగలు వచ్చారన్న పుకార్లతో మన తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా అమాయకులను కొట్టి చంపారు. అప్పుడు ఊరూరా తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. బైకు మీద వచ్చినవాళ్లు పిల్లవాడిని ఎత్తుకెళ్లి, చివర్లో తిరిగి దించేసి హెచ్చరిక అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేశారు, మిగిలింది జనాన్ని హంతకులుగా మార్చింది. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేయాల్సి వచ్చింది. మీ వీడియోను కుటుంబ గ్రూపులో పడేస్తే దాన్ని ఎవరు ఎక్కడ కోస్తారో మీ చేతిలో ఉండదు.

అసలు ఫైలును ఫోనులో అలాగే ఉంచి, ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి క్లౌడ్‌లో పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలూ ఊడిపోతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. ఏ పరికరంతో తీశారు, ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైలు మారితే అదీ మారుతుంది) ఎంత అన్నవి అందులో ఉంటాయి. అది లాయరు చూసుకుంటారు, మీరు ఫోను మార్చేముందు ఆ ఫైలు పోకుండా చూసుకుంటే చాలు. బాధితులు దొరికితే ముందు వాళ్లకు చూపించి, బయట పెట్టవచ్చా అని అడగండి. వద్దంటే వద్దు. పెట్టమంటే పక్కన నిలబడిన పిల్లల, సంబంధం లేనివారి ముఖాలు మసకబరచి పెట్టండి, మసకబరచని ప్రతి మీ దగ్గరే ఉండాలి.

డాష్‌క్యామ్ గురించి అడిగారు కదా, పెట్టించుకోండి, మంచిదే. బీమా తగాదాలకు, ట్రాఫిక్ వివాదాలకు బాగా ఉపయోగపడుతుంది. రష్యాలో వాటిని విరివిగా పెట్టుకున్నది అందుకే, 2013 ఫిబ్రవరి 15న అక్కడి చెల్యబిన్స్క్ నగరం మీద ఉల్క పేలినప్పుడు అన్ని వీడియోలు దొరికింది కూడా అందువల్లే. ఆ రోజు గాయపడిన దాదాపు 1,500 మందిలో చాలామందిని కోసింది అద్దాలు. మెరుపు చూసి కిటికీల దగ్గరికి వచ్చారు, కాసేపటికి పేలుడు తరంగం వచ్చింది.  అయితే మార్కెట్ సందులోకి డాష్‌క్యామ్ రాదు, దానికి ఎటు తిరగాలో తెలియదు. కొంటే మెమరీ కార్డు మళ్లీ మళ్లీ రికార్డు చేసినా తట్టుకునే రకం తీసుకోండి, మామూలు కార్డు మన ఎండలకు కొన్ని నెలల్లోనే మొండికేస్తుంది, పైకి ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది. నెలకోసారి కార్డు తీసి నిజంగా రికార్డు అవుతోందో లేదో చూడండి. ఏదైనా జరిగితే బండి ఆపగానే కార్డు బయటికి తీసేయండి, లేకపోతే కొత్త రికార్డింగ్ పాతదాని మీద పడి కొద్ది గంటల్లో అది చెరిగిపోతుంది.